అడుగున మిగిలిన అంగూరు పులుపు

అంగూరు రసంల నీళ్లు కలిపిండ్రా లేదా అని చెప్పుడు నా నౌకరి. చెప్పుడంటే నోటితోని కాదు, కాయితం మీద. కింద నా సంతకం, పక్కన మా సార్ సంతకం, మీద నీలం ముద్ర. కొత్తకోట దాటినంక బెంగళూరు రోడ్డు మీద, టైర్ల దుకాణం మీది అంతస్తుల ఉండేది మా లాబు. రాష్ట్రం వచ్చిన కొత్తల చేరిన. నల్లగొండ దిక్కు మగ్గం నేసే ఇంటి పిల్లను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, తెల్ల కోటు తొడుక్కొని మిషన్ ముందట కూసుంటే నా అంత మొనగత్తె లేదనుకునేదాన్ని. ఆ పొగరు ఒకామెను ఏం జేసిందో చెప్పాలె. ఇన్నేండ్లు కడుపుల పెట్టుకొని యాష్టకొచ్చింది.

మిషన్ సంగతి జర చెప్పకుంటే నేను జేసిన పని మీకు సమజ్ కాదు. రసాన్ని వడగట్టి, పల్చగ జేసి, సూదితోని ఇంత బొట్టు లోపలికి ఎక్కిస్తం. లోపల చేతి వేలంత ఉక్కు గొట్టం ఉంటది, దాన్ని కాలమ్ అంటరు. పంపు ఎనుకనుంచి గట్టిగ నూకుతుంటే రసంల ఉన్న పులుపులన్నీ ఆ గొట్టంలకెల్లి ఒకదాని ఎనుక ఒకటి, దేని టైముకు అది బయటికొస్తయి. ఒక్కోటి వచ్చినప్పుడల్లా కంప్యూటర్ మీద గీత లేచి, గుట్ట లెక్క అయి, మళ్ల దిగుతది. గుట్ట ఎంత పెద్దగుంటే ఆ పులుపు అంత ఉన్నట్టు. అంగూరుల మొదలు లేచే గుట్ట టార్టారిక్ ఆసిడ్‌ది. చింతపండుల ఉండేది గూడ అదే. దాని ఎనుక లేచేది మాలిక్ ఆసిడ్, ఆపిల్ పండుల పులుపు. తతిమ్మా పండ్లల టార్టారిక్ అంతగనం ఉండదు, అంగూరుకు అదే గుర్తు. మొదటి గుట్ట పొట్టిగ వస్తే రసంల ఏదో కలిసిందని రాసేటోళ్లం.

ఇగ నా చేతి అలవాటు. మా ఊరి నీళ్లల ఫ్లోరైడు ఉండె. మా బాపు మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసుంటే, మళ్ల లేపనీకె ఇద్దరం పట్టాలె. బడికొచ్చిన డాక్టరమ్మ చెప్పిందని మా అమ్మ బిందెల సున్నం, పటిక ఏసి గంటెతోని తిప్పి మూత పెట్టేది. తెల్లారినంక మీది తేట ముంచుకొని తాగాలె. అడుగు కదిలిందంటే చెయ్యి మీద గంటె పడేది. "అడుగునున్నదంత ఇసమే. మీ బాపు కాళ్లను జూసిన గూడ సిగ్గు రాదానె నీకు?" అని తిట్టేది. చాయ్ గిలాసల ఆఖరి గుటక నేను ఇప్పటికీ తాగను.

లాబుల గూడ నా చెయ్యి అట్లనే నడిచింది. ఏ సీసా వచ్చినా కదలనియ్యకుంట మెల్లగ వంచి మీది తేట తీసేదాన్ని. మా సార్ దానికే మెచ్చుకునేటోడు. మడ్డి పోతే కాలమ్ మూసుకపోతది, కాలమ్ పోతే మా సార్ పానం పోయినట్టే. "ఈ పిల్ల చేతుల కాలమ్ సల్లగుంటది" అని వచ్చినోళ్లందరికీ చెప్పేటోడు. పుస్తకంల మాత్రం సీసాను ఎచ్చజేసి, మంచిగ ఊపి, అప్పుడు తియ్యమని ఉంటది. చదవలేదా అంటే చదివిన. పరీక్షల రాసి మార్కులు గూడ తెచ్చుకున్న. చెయ్యి మాత్రం మా అమ్మ మాటనే విన్నది.

ఒక ఎండకాలం, రసం కొనే ఒక కంపెనీ మాకు ఒక సీసా పంపింది. ఎనిమిది మంది ఆడోళ్ల సంఘం పిండిన నల్ల అంగూరు రసం అది. వాళ్ల సంగతి నాకు తర్వాత తెలిసింది, ఆ దినం నాకు సీసా మీది నంబరే. అందరు ఒక్క వాడోళ్లు, ఒక్క చర్చికి పోయేటోళ్లు. తాతల కాలం నుంచి పరాయోళ్ల చేన్ల కైకిలి జేసినోళ్లు. సర్కారు ఇచ్చిన చెల్కల ఒక్క బోరు కింద తలా ఒక పందిరి ఏసుకొని, కలిసి రసం పిండి, డబ్బాలల్ల నింపి కంపెనీకి పోస్తుండ్రి. సంఘానికి పెద్ద ఒకామె ఉండె. యాభైకి అటీటుగ ఉంటది, మొగడు చచ్చిపోయి శానా ఏండ్లయింది, పిల్లలు లేరు. డబ్బాలు పెట్టే కమ్ర తాళం చెయ్యి ఆమె బొడ్ల ఉంటుండె.

సీసా ఐసు పెట్టెల వచ్చింది. మిషన్ మీద వేరే పని నడుస్తుంటే నాలుగు దినాలు మా ఫ్రిజ్జుల ఉన్నది. నా వంతు వచ్చినంక తీసిన, కదలకుంట వంచిన, తేట తీసిన, ఎక్కించిన. మొదటి గుట్ట పొట్టిగ వచ్చింది. నేను గూడ తొందరపడలేదు సుమా, రెండోసారి ఎక్కించిన. కాకపోతే అదే తేట నుంచి. అదే వచ్చింది. రెండుసార్లు వచ్చినంక ఇంకేం జూస్తం? టార్టారిక్ ఉండాల్సినంత లేదు, నీళ్లు కలిసి ఉండొచ్చు అని రాసి సంతకం గీకిన. సార్ చదవకుంటనే ముద్ర గుద్దిండు. కంపెనీ ఆ సంఘం రసం ఇగ వద్దన్నది.

మూడో నాడు పొద్దుగాల ఒకామె లాబు మెట్ల మీద కూసున్నదని వాచ్‌మన్ వచ్చి చెప్పిండు. పోయి జూస్తే ఆ సంఘం పెద్దామె. చేతుల సంచి, సంచిల కంపెనీ వాళ్లు ఇచ్చిన నా కాయితం, నాలుగు మడతలు పెట్టి. బస్సుకొచ్చి, బస్టాండు నుంచి ఎండల నడిచొచ్చింది.

"నమస్తే బిడ్డా. గిది రాసింది నువ్వేనా?" అన్నది.

"నేనే పెద్దమ్మా, ఏంది?" అన్న.

"మేం నీళ్లు కలపలే బిడ్డా. తాళం నా దగ్గర్నే ఉంటది. నేను కలపలే, నన్ను దాటి ఎవలు కలపలే. తోట పోతే పోనీ, మళ్ల కైకిలికి పోత, అలవాటైన పనే. మా వాళ్లు నా మొకం దిక్కు ఒక తీరుగ జూస్తున్నరు. ఆ సూపుకు తట్టుకుంటలే. జర మళ్లొకసారి సూడు బిడ్డా, నీ కాల్మొక్త."

రెండుసార్లు జూసిన్నని చెప్పిన. ఆమె కదలలే. కాయితం ఇప్పి మెట్టు మీద పరిచింది. చదువు రాదు గాని ఆ గుట్టల బొమ్మను మాత్రం బాగ జూసి పెట్టుకున్నది. మొదటి గుట్ట మీద ఏలు పెట్టి, "గిదేనా తగ్గింది?" అన్నది. అవునన్న. రెండో గుట్ట మీదికి ఏలు జరిపింది.

"మరి గిదేంది?"

"అది వేరే పులుపు. అది మంచిగనే ఉంది."

"అదెట్ల బిడ్డా? నీళ్లు పోస్తే రెండూ తగ్గాలె గద? పప్పుల నీళ్లు ఎక్కువైతే ఉప్పు తగ్గి కారం తగ్గకుంట ఉంటదా?"

నేను చదివిన చదువుకు ఆ మాట నేనే అనుకోవాలె. ఆ కాయితం మీద, నా కండ్ల ముందటనే ఉన్నది సాక్ష్యం. నీళ్లు కలిస్తే రెండు గుట్టలూ కుంగాలె. ఒక్కటే కుంగిందంటే తప్పు ఇంకేడనో ఉన్నది. ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే నాకు తట్టేది. ఆగలే. సంతకం పెట్టని మనిషి వచ్చి నాకు గుట్టలు సూపిస్తుందా అని నెత్తికెక్కింది.

"నువ్వు నాకు చదువు చెప్తవా పెద్దమ్మా? గిది పప్పు సారు కాదు. మీకు గివన్ని సమజ్ కావు, పో," అన్న. వాచ్‌మన్ పక్కనే ఉండి విన్నడు.

ఆమె కాయితం మళ్ల నాలుగు మడతలు పెట్టింది. "తప్పయింది బిడ్డా, తెల్వక అడిగిన," అని పోయింది. ఆ తప్పయింది అన్న మాట నాకు ఆ దినం ఏం అనిపియ్యలే. లోపలికొచ్చి డబ్బ ఇప్పి అన్నం తిన్న గూడ. తలుసుకుంటే నా మొకం మీద నేనే ఉమ్మాలె అనిపిస్తది.

తర్వాతి సంగతి ఆ ఊర్లకెల్లి కంపెనీకి డబ్బాలు మోసే ఆటో డ్రైవర్, కింది దుకాణంల టైరు మార్చుకోనీకె వచ్చినప్పుడు చెప్పిండు. ఆమె లాబు నుంచి తిరిగి పోయేసరికి మిగిలిన ఏడుగురు కూసొని, నీళ్లు కలిపింది నువ్వేనని ఆమె మీద ఏసిండ్రంట. తాళం నీ దగ్గర్నే ఉంటది గద, ఇంకెవలు కలుపుతరు అన్నరంట. సంఘంలకెల్లి తీసేసిండ్రు. ఆ ఏడుగురిల ఉన్న సొంత యారాలు, అంటే మొగని తమ్ముని పెండ్లాం, వాకిలి పక్కకే వాకిలి ఉన్నామె, మాట బంద్ జేసింది. పందిళ్ల మీద కాయ అట్లనే ఎండింది. "మంచిగనే అయింది, కల్తీ జేస్తే గంతే మరి," అని గూడ అన్న నేను, ఆ డ్రైవర్ తోని.

వానలు పడ్డంక ఒకనాడు ఫ్రిజ్జు ఖరాబైంది. మెకానిక్ వస్తడని లోపలి సీసాలన్నీ తీసి బల్ల మీద పెడుతున్న. పరీక్ష జేసిన సీసాలు కొన్ని నెలలు దాచిపెడతం, ఎనుకంగ ఎవరన్న అడుగుతరని. ఆ సంఘం సీసా చేతికొచ్చింది. ఎలుగుకు పెట్టి జూస్తే అడుగున గాజుకు అంటుకొని పలుకులు. పటిక పలుకుల లెక్క మెరుస్తున్నయి. అంగూరు రసాన్ని సలిల పెడితే టార్టారిక్ పలుకు గట్టి అడుగుకు దిగుతది. అందుకే పుస్తకంల ఎచ్చజెయ్యి, ఊపు అని రాసింది. పులుపంత అడుగున పేరుకుంటే, నేను మీది తేట తీసి పులుపు లేదని రాసిన.

తలుపు పెట్టుకొని ఎచ్చని నీళ్లల సీసా పెట్టిన. పలుకులు కరిగేదాక ఊపిన. ఎక్కించిన. మొదటి గుట్ట నిండుగ లేచింది, మంచి అంగూరుకు ఎంత లేవాల్నో అంత. రెండో గుట్ట ఎప్పటి లెక్కనే ఉన్నది. ఆమె ఏలు పెట్టి అడిగిన మాట చెవుల గింగురుమన్నది. ఏడ్చిన. నా నౌకరి కోసం ఏడ్చిన్నో, ఆమె కోసం ఏడ్చిన్నో చెప్పలేను, రెండూ ఉండొచ్చు.

కాయితం తీసుకొని సార్ దగ్గరికి పోయిన. సార్ రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి శానా సేపు జూసిండు. "సీజన్ పోయింది. వాళ్లు తోటలు గూడ తీసేస్తున్నరంట. ఇప్పుడు మనమే తప్పు జేసినమని రాసిస్తే రేపు మన కాయితం ఎవడు నమ్ముతడు? ఇప్పటినుంచి ఊపి తియ్యి, అయిపాయె," అన్నడు. కొత్త కాయితం సొరుగుల పెట్టి తాళం ఏసిండు. నేను నోరు మూసుకున్న. ఒక్క దినం కాదు, రెండు నెలలు కాదు. ఏడాది దాటింది. బాపు దవాఖాన ఖర్చులు, తమ్ముని చదువు అని నాకు నేనే సాకులు చెప్పుకున్న. సాకులకేం తక్కువ?

నార్కట్‌పల్లి దగ్గర వేరే నౌకరి దొరికింది. పాత నౌకరి ఇడిసిపెట్టినంకనే నాకు ధైర్యం వచ్చింది, గది గూడ దాచను. ఒక ఆదివారం బస్సెక్కి ఆ ఊరికి పోయిన. చర్చిల ప్రార్థన అప్పుడే అయింది. ఆడోళ్లందరు గుంపుగ మాట్లాడుకుంట బయటికొస్తున్నరు. ఆమె అందరికన్న ఆఖరుకు, ఒక్కతే వచ్చింది. నన్ను జూసి గుర్తుపట్టింది. "లాబు బిడ్డవు గద! ఎండల వడి వచ్చినవు, రా," అని ఇంటికి తోల్కపోయింది. తొవ్వల ఆమె చెల్క సూపించింది. పందిరి రాళ్లు ఒక దిక్కు కుప్ప పోసి ఉన్నయి, చెల్క నిండ పత్తి. ఆమె మళ్ల కైకిలికి పోతుందంట, చెల్కను పాలుకు ఇచ్చిందంట.

మంచినీళ్లిచ్చింది. గిలాస చేతుల పట్టుకొనే చెప్పిన. "పెద్దమ్మా, తప్పు నాది. నీ రసంల నీళ్లు లేవు. సీసా ఊపకుంట మీది తేట తీసిన, పులుపంత అడుగున ఉండిపోయింది. నువ్వు ఆ దినం అడిగింది నిజం. రెండూ తగ్గాలె. నీకు సమజ్ కాదని నేనే తిట్టిన."

తిడతదనుకున్న. చెంప మీద కొడతదని గూడ అనుకున్న, కొడితే బాగుండు. ఆమె గోడకు ఒరిగి కండ్లు మూసుకున్నది. "దేవా," అన్నది మెల్లగ. తర్వాత కండ్లు తెరిచి నన్ను ఒక్కటే అడిగింది.

"గిదే మాట మా యారాలి ముందట చెప్తవా బిడ్డా?"

"ఏడుగురి ముందట గూడ చెప్త."

"ఏడుగురు ఒద్దులే. ఆమె ఒక్కామెకు చెప్పు సాలు. ఆమె నమ్మిందంటే అందరు నమ్మినట్టే. వాళ్ల తప్పేమున్నది, ముద్ర ఉన్న కాయితం జూసి బెదిరిండ్రు. నేనైనా గట్లనే అనుకుందును." ఆమె లేచి మొకం కడుక్కున్నది. పెట్టెలకెల్లి ఉతికిన చీర తీసి కట్టుకున్నది. పక్కింటికి పోనీకె చీర మార్చుకున్నది. నాకు ఆ మొకం యాదికొస్తే ఇప్పటికీ కండ్లల్ల నీళ్లు తిరుగుతయి.

యారాలు వాకిట్ల కూసొని చాటతోని కందులు చెరుగుతుంది. మమ్మల్ని జూసి చాట ఆపలే. నేను నిలవడే చెప్పిన, ముందు పెద్దమ్మకు చెప్పినట్టే, ఒక్క ముక్క తగ్గియ్యకుంట. మీ అక్క కలపలేదు, తప్పు నాది అన్న. చాట ఆగింది. ఆమె నా దిక్కే జూసింది గాని పెద్దమ్మ దిక్కు చూడలే.

"అక్క కలపలేదని నాకెరికె," అన్నది.

నాకు సమజ్ కాలే. "ఇప్పుడా?" అన్న.

"అప్పుడే ఎరికె. నాకే కాదు, ఏడుగురికీ ఎరికె. అక్క నీ లాబుకు వచ్చిన్నాడు కమ్ర తాళం మాకే ఇచ్చి వచ్చింది. మిగిలిన డబ్బ ఇప్పి తలా ఇంత తాగి జూసినం. ఎప్పటి రసమే, నాలిక చుర్రుమన్నది. పిండినోళ్లం, నీళ్లు కలిస్తే మాకు తెల్వదా?"

"మరి ఆమె మీదెందుకు ఏసిండ్రు?"

"కంపెనీ ఆయన ఫోన్ జేసిండు. కలిపినామె ఎవలో తేల్చి సంఘంలకెల్లి తీసేస్తే మిగిలినోళ్ల రసం మళ్ల జూస్తమన్నడు. ఎవలనో ఒకలను సూపియ్యాలె గద. మాకందరికీ మొగోళ్లున్నరు, ఎవలను అన్నా లొల్లికొస్తరు. అక్క తరఫున అడిగేటోళ్లు ఎవలున్నరు?" గింజలు రాలితే ఏరి చాటల ఏసుకున్నది. "మళ్ల జూసుడు లేదు, ఏం లేదు. అందరి తోటలు పోయినయి. ఎండపొద్దు, చాయ్ తాగి పోండ్రి."

పెద్దమ్మ కొంగు సదురుకొని వాకిలి దాటింది. నేను ఆమె ఎనుక నడిచిన. నేను మోసకొచ్చిన నిజం ఎవలకూ కొత్తది కాదు, ఆమెకొక్కతికే తెల్వని ఇంకో నిజాన్ని బయటికి గుంజిచ్చింది. రోడ్డు మీద బస్సు ఆగే కాడ రాయి మీద ఇద్దరం కూసున్నం. ఆమెనే మొదలు మాట్లాడింది. గొంతుల కోపం లేదు.

"ఇన్నొద్దులు వాళ్లు నన్ను దొంగ అనుకుంటున్నరనే బతికిన బిడ్డా. అనుకుంటే అనుకున్నరు, ఎన్నటికన్నా నిజం తెలుస్తది, తెలిసిన్నాడు అక్కా అని వాకిట్లకు వస్తరు అనుకునేదాన్ని. వాళ్లకు మొదటి నుంచి తెలుసాయె. ఇప్పుడిగ ఏం తెలుస్తదని ఎదురుసూడాలె?"